తూకం చూసి దూలం కొంటే...

ఎత్తు, ఆనిక, అతుకు చూడకపోతే ఉక్కు దూలమైనా వంగుతుంది

రాజమహేంద్రవరం: గోదావరి జిల్లాల పట్టణాల్లో ప్రధాన రహదారుల వెంట ఉన్న పాత ఇళ్లు ఒక్కొక్కటిగా దుకాణాలుగా మారుతున్నాయి. ముందు గదికీ, నడిమి గదికీ మధ్యనున్న గోడ తొలగించి, ఆ స్థానంలో ఇనుప దూలం ఎక్కించి, రెండు గదులను ఒకే హాలుగా చేయడం ఇప్పుడు సర్వసాధారణమైన పని. సామగ్రి తెచ్చేది యజమాని, కొలత చెప్పేది మేస్త్రీ, అతికేది వెల్డరు. ఈ ముగ్గురిలో దూలంపై ఎంత బరువు పడుతుందో లెక్క కట్టేవారు తరచూ ఎవరూ ఉండరు. ఇనుము దుకాణంలో దూలాన్ని కిలోల లెక్కన అమ్ముతారు గనుక, బరువు ఎక్కువైతే బలమూ ఎక్కువే అన్న నమ్మకం కొనుగోలుదారుల్లో పాతుకుపోయింది. ఇది సగం మాత్రమే నిజం. తెలియని మిగతా సగం వల్లనే గోడలు బీటలు వారుతున్నాయి, తలుపులు బిగుసుకుపోతున్నాయి, ఒక్కోసారి కప్పులే కుంగుతున్నాయి.

రెండు ఆరంగుళాలు, ఒక ఎనిమిదంగుళం

మార్కెట్లో దొరికే దూలాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు 'ఐ' అక్షరం ఆకారంలో ఉంటాయి. వీటిని ఐఎస్ఎంబీ అని వ్యవహరిస్తారు. భారతీయ ప్రమాణాల ప్రకారం తయారైన మధ్యతరహా దూలం అని దాని అర్థం. ఆ పేరు పక్కన ఉండే అంకె దూలం ఎత్తును మిల్లీమీటర్లలో తెలుపుతుంది. 150 అంటే ఆరంగుళాలు, 200 అంటే ఎనిమిది, 250 అంటే పది అంగుళాలు. ఈ కొలతలు 100 నుంచి 600 వరకు ఉన్నాయి. ఏ కొలత దూలం మీటరుకు ఎంత తూగాలి, ఏ భాగం ఎంత మందం ఉండాలి అన్నది ఐఎస్ 808 అనే ప్రమాణం నిర్దేశిస్తుంది.

ఇక్కడొక చిన్న లెక్క చూడాలి. ఐఎస్ఎంబీ 150 దూలం మీటరుకు సుమారు 15 కిలోలు తూగుతుంది. రెండింటిని పక్కపక్కన పెడితే 30 కిలోలు. ఐఎస్ఎంబీ 200 ఒక్కటి సుమారు 25 కిలోలే. తూకం ప్రకారం చూస్తే రెండు ఆరంగుళాల దూలాలదే పైచేయి కావాలి. కానీ వంపును తట్టుకునే శక్తిలో అవి రెండూ కలిసినా ఒక్క ఎనిమిదంగుళాల దూలం కన్నా తక్కువే. అదే బరువు మోపితే ఆ జత దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా కుంగుతుంది. అంటే ఎక్కువ ఇనుము కొని, ఎక్కువ డబ్బు పోసి, తక్కువ బలాన్ని ఇంటికి తెచ్చుకున్నట్లు. ఇంట్లో ఆరంగుళాల ముక్కలు రెండు మిగిలాయి కదా అని పక్కపక్కన అతికించి వాడేవారు ఈ సంగతి గమనించడం లేదు.

దీనికి కారణం దూలం పనిచేసే తీరులోనే ఉంది. రెండు చివరల ఆనించిన దూలంపై బరువు పడితే అది కిందికి వంగజూస్తుంది. అప్పుడు దాని పైభాగం నలుగుతుంది, కింది భాగం సాగుతుంది. సరిగ్గా మధ్యలో ఉన్న ఇనుము నలగదు, సాగదు, వంపును ఆపడంలో దాదాపు ఖాళీగా ఉంటుంది. అందుకే పనిలేని నడిమి భాగాన్ని పల్చని నిలువు పలకగా ఉంచి, ఇనుమును పైకీ కిందికీ నెట్టి రెండు రెక్కలుగా తీర్చారు. ఈ రెక్కలను ఫ్లాంజ్‌లు అనీ, నడిమి పలకను వెబ్ అనీ అంటారు. రెక్కలు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే వంపును అంత గట్టిగా నిలువరిస్తాయి. ఐఎస్ఎంబీ 200 నుంచి 400కు వెళితే బరువు రెండున్నర రెట్ల లోపే పెరుగుతుంది. బలం మాత్రం నాలుగున్నర రెట్లు, కుంగకుండా నిలిచే బిగువు తొమ్మిది రెట్లు పెరుగుతాయి.

పడుకోబెడితే అంతే సంగతులు

ఎత్తుకు ఇంత విలువ ఉన్నప్పుడు దూలాన్ని ఏ వైపు తిప్పి పెట్టామన్నదీ ముఖ్యమే. గది ఎత్తు తగ్గిపోతుందని కొందరు 'ఐ' దూలాన్ని పక్కకు పడుకోబెట్టి, 'హెచ్' అక్షరంలా అమర్చమంటారు. ఐఎస్ఎంబీ 200ను ఇలా పడుకోబెడితే దాని బలం ఏడో వంతుకు, బిగువు సుమారు పదిహేనో వంతుకు పడిపోతుంది. కాటా మీద మాత్రం తేడా ఏమీ కనిపించదు. మా ప్రాంతంలోని ఒక బజారులో అటక కోసం ఇలా పడుకోబెట్టిన దూలాన్ని ఈ వ్యాసకర్త స్వయంగా చూశాడు. సరుకు ఎక్కించిన కొన్నాళ్లకే అది ఉయ్యాల తాడులా జారింది. దాని కింద ఒక పైపును నిలబెట్టి, ఆ పైపు చుట్టూ బేరాలు సాగిస్తున్నారు.

పొడవు విషయంలోనూ అంచనాలు తప్పుతున్నాయి. పది అడుగులకు సరిపోయిన దూలం ఇరవై అడుగులకు కాస్త ఎక్కువ వంగుతుందిలే అనుకుంటారు. మీటరుకు పడే బరువు అంతే ఉండి పొడవు రెట్టింపైతే, దూలాన్ని వంచే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కుంగుదల ఏకంగా పదహారు రెట్లు పెరుగుతుంది. మరింత మేలురకం ఉక్కు వాడితే కుంగుదల తగ్గుతుందన్నది మరో అపోహ. మేలురకం ఉక్కు తెగిపోవడానికి, శాశ్వతంగా వంగిపోవడానికి ఎక్కువ ఎదురు నిలుస్తుంది, నిజమే. కానీ సాగే గుణం అన్ని రకాల నిర్మాణ ఉక్కుకూ దాదాపు ఒకటే. కుంగుదల తగ్గాలంటే ఎత్తయిన దూలం వేయాలి, లేదా మధ్యలో స్తంభం నిలపాలి. వేరే దారి లేదు.

పన్నెండు అడుగుల గోడ తీస్తే

ఇంతకీ గోడ మోస్తున్న బరువెంత? ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు గదుల మధ్య పన్నెండు అడుగుల మేర తొమ్మిదంగుళాల గోడ తీసేశారు. ఇరువైపుల స్లాబులూ ఆ గోడపైనే ఆనుతున్నాయి. పైన మేడ మీద అదే వరుసలో మరో గోడ ఉంది. మేడ కప్పు రేకులదే అనుకుందాం. పైగోడ బరువు మీటరుకు సుమారు 1.4 టన్నులు. ఇరువైపులా ఆరేసి అడుగుల స్లాబు, గచ్చు, మనుషులు, సామాన్లు కలిపితే మరో 2.2 టన్నులు. వెరసి మీటరుకు 3.6 టన్నులు, మొత్తం దూలంపై 13 టన్నులు. మూడు నాలుగు ట్రాక్టరు ట్రక్కుల ఇసుకను ఆ దూలంపై కుమ్మరించినంత బరువన్న మాట.

సాధారణ నిర్మాణ ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 25 కిలోల ఒత్తిడి వద్ద లొంగిపోతుంది. అక్కడి నుంచి వంగిన దూలం బరువు దించినా మళ్లీ తిన్నగా కాదు. పాత లెక్కింపు పద్ధతిలో భద్రత కోసం అందులో మూడింట రెండు వంతులకు, అంటే పదహారున్నర కిలోలకు మించనిచ్చేవారు కాదు. పై ఉదాహరణలో ఎనిమిదంగుళాల దూలం వేస్తే ఒత్తిడి 27 కిలోలకు చేరి హద్దు దాటిపోతుంది. పదంగుళాల దూలం వేస్తే 15 కిలోల దగ్గరే ఆగుతుంది. ఈ రెండు దూలాలకూ మధ్య తూకంలో తేడా, గోడలో దూరే చివరలతో కలిపి, సుమారు 50 కిలోలు. యాభై కిలోల ఇనుము మిగుల్చుకోబోయి ఇంటిని పణంగా పెడుతున్నారంటే అతిశయోక్తి కాదు. అయితే ఇది బండ లెక్క మాత్రమే. ప్రతి ఇంటి బరువు వేరు, గోడ వేరు. ఇప్పుడు అమల్లో ఉన్న ఐఎస్ 800-2007 ప్రమాణం ప్రకారం ఇంజినీరు విడిగా లెక్క చూడవలసిందే.

ఆ లెక్కలో పక్కకు ఒరిగే ప్రమాదం కూడా చేరుతుంది. నిలబెట్టిన పల్చని బద్దను పై నుంచి అదిమితే అది పక్కకు విల్లులా వంగుతుంది కదా. దూలం పై రెక్క కూడా నలుగుతూ ఉంటుంది గనుక అదను చూసి పక్కకు తప్పుకోజూస్తుంది. కాంక్రీటు స్లాబు దానిని గట్టిగా పట్టి ఉంచితే భయం లేదు. ఒంటరిగా గాలిలో సాగే పొడవాటి దూలాలకు మాత్రం మధ్య మధ్య అడ్డబద్దలు వేసి బిగించాలి.

చివరల దగ్గరే అసలు పరీక్ష

దూలం సరైనదే ఎంచుకున్నా పని అక్కడితో తీరదు. పై ఉదాహరణలో ఒక్కో చివర ఆరున్నర టన్నుల బరువు గోడకు దిగుతుంది. పదంగుళాల దూలం కింది రెక్క వెడల్పు ఐదంగుళాలు. గోడలోకి తొమ్మిదంగుళాలు దూరిస్తే, ఆ కాస్త జాగాలో చదరపు సెంటీమీటరుకు దాదాపు 23 కిలోల ఒత్తిడి పడుతుంది. మామూలు నాటు ఇటుక గోడకు లెక్కల్లో 5 కిలోలకు అటూ ఇటుగా మాత్రమే అనుమతిస్తారు. అందుకే దూలం కింద కాంక్రీటు దిమ్మె, దానిపై ఇనుప పలక వేసి బరువును నాలుగైదు రెట్లు విశాలమైన జాగాకు పంచాలి. దీనినే బెడ్ బ్లాక్ అంటారు. గోడలో కన్నం పొడిచి, ఇటుక ముక్కలు, సిమెంటు ముద్ద కుక్కి దూలం దూర్చేయడం చాలాచోట్ల కనిపిస్తున్న పద్ధతి. దూలం కిందనుంచి గోడపై ఏటవాలుగా దిగే బీట కనిపిస్తే ఇటుకలు నలుగుతున్నాయని అనుమానించాలి.

గోడ తీసే క్రమం కూడా ముఖ్యమే. ముందుగా గోడకు అడ్డంగా కన్నాలు చేసి చిన్న దూలాలు దూర్చి, వాటిని ఇరువైపులా జాకీలతో ఎత్తిపట్టాలి. ఇరువైపుల స్లాబుల కింద కూడా జాకీలు నిలపాలి. ఆ తర్వాతే గోడ తీయాలి. దూలం ఎక్కించాక దానికీ పైగోడకూ మధ్య మిగిలే సందును గట్టి సిమెంటు మిశ్రమంతో కూరి, అది ఆరాకనే జాకీలు దించాలి. సందు వదిలేస్తే పైగోడ ఆ నాలుగైదు మిల్లీమీటర్లూ దిగి, మేడ మీది గచ్చు చిట్లుతుంది. రెండు సరుగుడు కర్రలు ఆనించి గోడ పడగొట్టే పనివారికి ఆ గంటసేపు ప్రాణాలు గాలిలో దీపాలే. కూలీల భద్రత గురించి యజమానులు ఆలోచించవలసినది ఇక్కడే.

ఇక అతుకుల సంగతి. దూలం ఎంత బలమైనదైనా అది మరో దూలాన్ని, స్తంభాన్ని కలిసే చోటే బరువు చేతులు మారుతుంది. ఈ విషయంలో ప్రపంచమంతటా ఇంజినీరింగు విద్యార్థులకు చెప్పే పాఠం ఒకటుంది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్లో రెండో అంతస్తు, నాలుగో అంతస్తు నడకదారులను కప్పు నుంచి ఉక్కు కడ్డీలతో వేలాడదీశారు. మొదటి నక్షా ప్రకారం ఒకే పొడవాటి కడ్డీ రెండు నడకదారులనూ మోయాలి. పని సులువు కోసం దానిని రెండు కడ్డీలుగా మార్చారు. కింది నడకదారిని పై నడకదారి దూలాలకే వేలాడదీశారు. చూపుకు తేడా లేదు గానీ, పై దూలంలోని నట్టుపై పడే బరువు రెట్టింపైంది. 1981 జూలై 17న జనం కిక్కిరిసి ఉన్న సమయంలో నట్టు దూలాన్ని చీల్చుకుని బయటపడింది. 114 మంది మరణించారు. మార్పును ఆమోదించే ముందు అతుకుపై పడే కొత్త బరువును ఎవరూ సరిగా లెక్క కట్టలేదు.

మన ఊళ్లలో అంత పెద్ద కట్టడాలు లేకపోవచ్చు. అతుకు పని మాత్రం ఇక్కడా జరుగుతోంది. రెండు ముక్కలను సరిగ్గా దూలం మధ్యన, వంపు అత్యధికంగా ఉండే చోట అతికించడం, తుప్పు గీకకుండా, రంగు తీయకుండా వెల్డింగు చేయడం, లోపల ఖాళీ వదిలి పైన గ్రైండింగుతో నునుపు చేయడం తరచూ కనిపించే లోపాలు. అతుకు తప్పనిసరైతే దానిని ఎక్కడ వేయాలో, పలకలు ఎంత మందం ఉండాలో నక్షాలోనే ఉండాలి. ఇళ్లు కూల్చిన చోట దొరికే పాత రైలు పట్టాలను దూలాలుగా వాడేవారు మరింత జాగ్రత్త పడాలి. పట్టాల ఉక్కులో కర్బనం ఎక్కువ. మామూలు నిర్మాణ ఉక్కులా దానిని వెల్డింగు చేస్తే అతుకు పక్కన గాజులా పగిలే గుణం వస్తుంది.

పైపుల కోసం దూలాలకు కన్నాలు పెట్టడం మరో దురలవాటు. వంపు ఎక్కువగా ఉండే మధ్యభాగంలో రెక్కలు, చివరల దగ్గర నిలువు పలక ఎక్కువ భారం మోస్తాయి. గ్యాసు కట్టర్‌తో కింది రెక్కకు గాటు పెట్టిన దూలం ఇక పాత దూలం కాదు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ దూలంపై చేయి వేసే ముందు కట్టినవారిని అడగాలి.

తుప్పు, మంట

కాకినాడ, అంతర్వేది వంటి సముద్రతీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. బయటికి కనిపించే తుప్పు కన్నా గోడ లోపల దాగిన చివరలకు పట్టే తుప్పు ప్రమాదకరం. తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల లోపల ఉబ్బి, గోడను చీలుస్తుంది. దూలం ఎక్కించక ముందే చివరలతో సహా తుప్పు గీకి, ప్రైమరు, ఆపై రెండు పూతలు రంగు వేయాలి. ఎక్కించాక వేద్దాంలే అనుకుంటే గోడలో దూరిన భాగానికి బ్రష్షు అందదు.

సంరక్షణ ఉంటే ఉక్కు ఎంతకాలం నిలుస్తుందో రాజమహేంద్రవరం వాసులకు వేరే చెప్పనక్కరలేదు. గోదావరిపై 56 స్పాన్ల హేవలాక్ వంతెన 1900లో ప్రారంభమై, 1997 వరకు దాదాపు శతాబ్దం పాటు రైళ్లను మోసింది. దాని గర్డర్లు నదిగాలికి, వరదలకు నిలిచాయంటే క్రమం తప్పని తనిఖీ, రంగుల పనే ప్రధాన కారణం. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన కూడా ఉక్కుదే. మూడోదైన ఆర్చి వంతెనలో మాత్రం కాంక్రీటుకు చోటిచ్చారు. మూడింటినీ గోదావరి గట్టుపై ఒకేచోట నిలబడి చూడవచ్చు.

మంట ముందు మాత్రం ఉక్కు త్వరగా లొంగుతుంది. అది కరగనక్కరలేదు. 550 నుంచి 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే బలం సుమారు సగానికి పడిపోతుంది. బట్టల దుకాణాల్లో, గోదాముల్లో మంటలు లేస్తే ఈ వేడి నిమిషాల్లోనే వస్తుంది. దూలం చుట్టూ కాంక్రీటు పొదగడం, వేడిని ఆపే పూతలు వేయడం అందుకే.

ఎక్కడెక్కడ వాడుతున్నారు

ఇన్ని జాగ్రత్తలు అవసరమైనా ఉక్కు దూలాలకు ఆదరణ పెరగడానికి కారణాలున్నాయి. సెంట్రింగు అక్కరలేదు, తడపనక్కరలేదు, ఎక్కించిన నాడే బరువు మోస్తాయి. రాయలసీమలో నాపరాళ్లు, హైదరాబాదు పాత ఇళ్లలో షాబాదు బండలు గర్డర్లపైనే పరిచి కప్పులు వేశారు. బ్రిటిషు కాలపు కచేరీల్లో గర్డర్ల మధ్య ఇటుక కమానులు కట్టిన కప్పులు ఇప్పటికీ ఉన్నాయి. నేటి బియ్యం మిల్లుల షెడ్లలో, శీతల గిడ్డంగుల్లో మిల్లులో సాగదీసిన దూలాలకు బదులు పలకలను అతికి తయారుచేసినవి వాడుతున్నారు. వంపు ఎక్కువున్న చోట ఎత్తుగా, తక్కువున్న చోట పొట్టిగా మలచడం వీటి ప్రత్యేకత. హైదరాబాదులో ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ వరకు రెండు కిలోమీటర్లకు పైగా సాగే ఉక్కు వంతెనను 2023 ఆగస్టులో ప్రారంభించారు. ట్రాఫిక్ నడుమ నెలల తరబడి సెంట్రింగు నిలపడం కుదరని చోట ఉక్కు గర్డర్లకే మొగ్గు చూపుతారు.

కొనేటప్పుడు దూలంపై ఐఎస్ఐ గుర్తు, తయారీదారు పేరు, ఐఎస్ 2062 అన్న ప్రమాణం సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. మిల్లు పరీక్ష ధ్రువపత్రం అడగడం కొనుగోలుదారు హక్కు. దూలం పొడవు కొలిచి, కాటా వేయించి, మీటరుకు ఎంత వచ్చిందో ప్రమాణంలోని అంకెతో పోల్చుకోవాలి. తూకం పనికొచ్చేది ఇందుకే. ఉండవలసిన దానికన్నా బాగా తక్కువ వస్తే రెక్కలు, పలక పల్చగా సాగదీశారని అర్థం.

పాత గర్డరు కప్పుల ఇళ్లలో ఉంటున్నవారు వానలు వెలిశాక ఒకసారి నిచ్చెన వేసుకుని దూలం చివరలు చూడాలి. గోడలో దూరే చోట తడి మరక ఉందా, తుప్పు పొరలు పొరలుగా ఊడుతోందా, గోడ ఉబ్బిందా అన్నవి గమనించాలి. సుత్తితో మెల్లగా తట్టినప్పుడు పెచ్చులు రాలితే ఎంత మందం మిగిలిందో ఇంజినీరు చేత కొలిపించాలి. ఆ పని అయ్యేవరకు మిద్దెపై కొత్త నీళ్ల ట్యాంకు ఎక్కించరాదు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను.